ఎఫ్ వన్ అంటే ప్రథమ ఫలం

మా అత్త జ్ఞానసుందరికి వంకాయ అంటే ఒక్కటే వంకాయ. పచ్చగా, తెల్ల చారలతో, తొడిమ నిండా ముళ్ళతో మా దొడ్లో కాసేది. రాజాం మార్కెట్లో దొరికే ఊదారంగు నున్నటి వంకాయని ఆవిడ వంకాయ అని కూడా అనదు. "ఆ గొట్టం" అంటుంది. కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో నేను తెలియక ఆ గొట్టాలు అరకిలో తెచ్చి వండాను. రెండు ముద్దలు తిని, "ఉప్పేసినావు, కారమేసినావు, బాగున్నాది. మరి కూరేదే?" అంది.

ఆ ముళ్ళ వంకాయకి ఊళ్ళో పేరు రావడానికి కారణం మా చర్చి. మాది రాజాం పక్కన పల్లెటూరు, బాప్టిస్టు చర్చి. ఏటా కొత్త ధాన్యం ఇళ్ళకి చేరాక ఒక ఆదివారం కోతపండగ చేస్తాం. ఎవరింట్లో మొదట పండినదీ కాసినదీ వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. అవే ప్రథమ ఫలాలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెడతారు. మా చర్చిలో ముందు పాటలు పాడతారు, తర్వాత పాట పాడతారు. రెండోదాంట్లోనే గొంతులు బాగా లేస్తాయి.

పాట అయ్యాక ఊరందరికీ భోజనాలు. ఆ భోజనంలో ఎండురొయ్యలేసిన ముళ్ళ వంకాయ కూర ఉండాలి. దాన్ని మా అత్తే కోయాలి, మా అత్తే వండాలి. ఈ మాట ఎక్కడా రాసి లేదు గానీ, పాస్టర్లు మారినా ఈ పద్ధతి మారలేదు. మిగతా ఆడవాళ్ళు ఆ కాయల జోలికి రారు. ముళ్ళంటే భయం.

ఒక పండగకి కాయలు కోస్తుంటే ముల్లు మా అత్త బొటనవేల్లో దిగింది. ఆవిడకి సుగరు. వేలు వాచి, చీము పట్టి, నెలరోజులు కట్టు కట్టించుకుంది. "ఇంకోసారి ముల్లు దిగితే ఆ వేలికి నాదీ పూచీ లేదు, మీదీ లేదు" అన్నాడు డాక్టరు. దాంతో మా ఆయన శాంతికుమార్ ఇంట్లో ముళ్ళ వంకాయ కొయ్యడం మానిపించేశాడు. ఏ విషయంలోనూ నోరెత్తని మనిషి ఆ ఒక్కదాంట్లో ఎత్తాడు. నేను గ్లవుసులు కొనిస్తే, "కూరొండుతున్నట్టు నేదే, ఆపరేషన్ సేస్తన్నట్టున్నాది" అని తీసి పారేసింది. నేను కోసిస్తానంటే, కోతలోనే సగం కూర ఉంటుందని నమ్మే మనిషి, కత్తిపీట దగ్గరికి రానివ్వలేదు.

మరుసటి ఏడు కోతపండగకి స్త్రీల సమాజం పెద్ద పద్మకుమారి రాజాం నుంచి బస్తాడు నున్నటి వంకాయలు దింపించింది. మా అత్తని షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో, పై ఊళ్ళనుంచి వచ్చిన పెద్దల పక్కన కూర్చోబెట్టి అందరికంటే ముందు వడ్డించారు. అది మర్యాదే. కానీ మా అత్త ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆకులో కూర వేసినది వేసినట్టే ఉంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది:

"ఒక్కసారే, షాలినీ. సచ్చిపోయీలోగా ఇంకొక్కసారి మన కాయని నా సేత్తో కోసి, నా సేత్తో వండి పెట్టాలే."

నాకు కోపం ఎక్కువ. అది ఎవరి మీద చూపించాలో తెలియనప్పుడు ఇంకా ఎక్కువ. మనుషుల మీద వచ్చింది చాలాసార్లు, ముల్లు మీద రావడం అదే మొదటిసారి. రాజాంలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను నేను. ఏటా ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి బఠాణీ మొక్కల లెక్కలు బోర్డు మీద గీసి, పొడుగుదీ పొట్టిదీ కలిస్తే ఏం పుడుతుందో బల్ల గుద్ది చెబుతాను. నా జన్మలో ఒక్క బఠాణీ మొక్కని ముట్టుకుని ఎరగను. ఇదేం చదువు అనిపించింది. ముల్లు లేకుండా, మా వంకాయ రుచి పోకుండా ఒక మొక్క పుట్టించలేకపోతే ఆ లెక్కలన్నీ ఎందుకు?

నర్సరీ నుంచి నున్నటి ఊదా వంకాయ మొక్క ఒకటి తెచ్చి దొడ్లో నాటాను. మా అత్త నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఆ గొట్టాన్ని నా దొడ్లో ఎడతావా?"

"నాలుగు నెల్లత్తా. ఇల్లరికం అనుకో."

రెండూ పూతకొచ్చాక పని మొదలెట్టాను. ముళ్ళ వంకాయ మొగ్గ విచ్చుకోకముందే సాయంత్రం విప్పి, దాని పుప్పొడి తిత్తుల్ని సన్నటి పట్టకారుతో గిల్లేయాలి. లేకపోతే పువ్వు తనతో తానే కలిసిపోతుంది. మర్నాడు పొద్దున్న ఊదా మొక్క పుప్పొడి తెచ్చి దీని కీలాగ్రానికి రాసి, తేనెటీగలు రాకుండా కాగితం కవరు తొడగాలి. చెప్పడం తేలిక. నా చేతివాటానికి సగం పువ్వులు అక్కడికక్కడే రాలిపోయాయి.

"ఏటే, పువ్వుల పీకలు నొక్కీస్తన్నావు?" అంది మా అత్త.

"పెళ్ళి సేస్తన్నానత్తా. పిల్ల మనది, పిల్లడు గొట్టం."

"నన్నడక్కండా సంబంధం ఖాయం సేసీసినావన్నమాట. సరే, పిల్లలెలగుంటారో అదైనా సెప్పు."

నాకు కావలసిందీ అదే. సుద్దముక్క తెచ్చి వంటింటి గచ్చు మీద కూర్చున్నాను. "ముల్లున్నదీ ముల్లు లేనిదీ కలిస్తే మొదటి తరంలో అన్నిటికీ ముల్లే వస్తాదత్తా. పచ్చదీ ఊదాదీ కలిస్తే ఊదారంగే పైకొస్తాది. అంటే మొదట పుట్టేవన్నీ ఊదాగుంటాయి, ఒళ్ళంతా ముళ్ళుంటాయి."

"ఓలమ్మా! రెండిట్లోనూ సెడ్డదే ఏరి పెడతాదేటి నీ సదువు?"

"పూర్తిగా ఇను. నున్నతనం పోదు, లోపల దాక్కుంటాది. ప్రతి మొక్కకీ తల్లినుంచొకటి, తండ్రినుంచొకటి రెండు రాతలొస్తాయి. ముల్లు రాత ఒక్కటున్నా సాలు, అదే బయటికి కనిపిస్తాది. రెండూ నున్నటి రాతలైతేనే మొక్క నున్నగుంటాది." నాలుగు గళ్ళు గీసి నింపాను. మొదటి తరం మొక్క దాని పుప్పొడితోనే కాస్తే రెండో తరంలో మూడు గళ్ళు ముల్లు, ఒక గడి నునుపు. "నాలుగింట ఒకటి. మనకి కావలసినది అదీ."

మా అత్త ఆ గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"అంటే మీ మావా, నేనూనన్నమాట. ఈ ఇంట్లో ఎప్పుడూ నా గొంతే ఇనిపించీది. అలాగని ఆయన నేడా? ఉన్నాడు, మూల కూకోని ఉన్నాడు. శాంతిగాడు పుట్టేక మళ్ళీ బయటపడినాడు."

మా మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. గోడ మీద ఫొటోలో కూడా ఏదో చెప్పబోయి మానేసినట్టే ఉంటారు. హాల్లో ఫోను చూసుకుంటున్న మా ఆయన ఈ మాట విని కూడా ఏమీ అనలేదు. నేనూ మా అత్తా ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వాం.

అన్ని పువ్వుల్లో చివరికి ఒక్కటే నిలిచి కాయైంది. పైకి మిగతా కాయల్లాగే పచ్చగా, ముళ్ళతో ఉంది. కాయ తల్లిదే కదా, కలయిక గింజల్లో ఉంటుంది. పసుప్పచ్చగా పండేదాకా చెట్టుకే వదిలేయాలి, అప్పుడే గింజ మొలుస్తుంది. పొరపాటున ఎవరూ కోయకుండా కాలేజీలో జవాబు పత్రాలు కట్టే దారంతో తొడిమకి చీటీ కట్టాను. చీటీ మీద F1 అని రాశాను. మొదటి తరం అని మా సబ్జెక్టులో గుర్తు. దాని అర్థం ఇంట్లో చెప్పాలని నాకు తోచలేదు.

కోతపండగ వారంలో నాకు విజయనగరంలో ట్రైనింగు పడింది. శనివారం పొద్దుపోవడంతో అక్కడే మా అక్క ఇంట్లో ఆగిపోయి, ఆదివారం భోజనాల వేళకి బస్సు దిగి తిన్నగా చర్చికి నడిచాను. మా అత్త షామియానా కింద అదే కుర్చీలో ఉంది గానీ ముఖం వెలిగిపోతోంది.

"రాయే, రా! నీ పేర దేవుడికి ఇచ్చీసినాను. పాస్టరు గారు మైకులో నీ పేరు సదివినారు."

"నా పేరా? ఏటి ఇచ్చినావత్తా?"

"నువ్వు సీటీ కట్టి ఉంచినావు కదే! మొదట నాకూ తెలీనేదు. రాత్రంతా ఆలోచించినాను. ఎఫ్ అంటే ఫలము. ఒకటి అంటే ప్రథమము. ప్రథమ ఫలము! పెళ్ళై ఇన్నేళ్ళైనా కోతపండక్కి ఒక్క కోడిగుడ్డు ఇవ్వని పిల్లవి, సీటీ రాసి మరీ ఉంచినావని ఎంత సంతోషించినానో నీకు తెలీదు. పండిపోతన్నాది, ఇంక ఆగకూడదని పొద్దున్నే కోసీసినాను. తువ్వాలు సుట్టి పట్టుకున్నాన్లే, ముల్లు తగల్నేదు."

ఆవిడ ముఖం అలా వెలుగుతోంది, పైగా చర్చి ఆవరణలో అరవడానికి లేదు కదా. పళ్ళు బిగబట్టి, "ఎవరు పాడినారు?" అని మాత్రం అడిగాను.

పాడింది పద్మకుమారి. జ్ఞానసుందరి ఇంటి ప్రథమ ఫలం వేరేవాళ్ళకి పోకూడదని పంతం పట్టి పాడిందట. ఆవిడ ఇల్లు చర్చి వెనకే. గరిటె పట్టుకుని వడ్డిస్తున్న మనిషిని ఆపి అడిగితే, "అదా? ఇంటికెల్లి కోస్తే అన్నీ గింజలేనమ్మా. పెంట మీద పారేసినాను. ఆశీర్వాదం పాటలోనే వచ్చీసింది కదా" అంది.

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఆ ఇంటి వెనక పెంటపోగు దగ్గరికి పరుగెత్తాను. కోళ్ళు అప్పటికే పని పూర్తి చేశాయి. తొడిమ ఒక్కటి మిగిలింది, దానికి దారంతో నా చీటీ.

సంగతి తెలిశాక మా అత్త కూలబడిపోయింది. "నేనే పోగొట్టుకున్నానా?" అని రెండు మూడుసార్లు అంది. మళ్ళీ అంతలోనే రోషం తెచ్చుకుని, "తెలుగులో రాస్తే నీ సొమ్మేం పోనాదే? దేవుడి కాయకి ఇంగ్లీషు సీటీ ఎందుకూ?" అని నా మీదే తిరగబడింది. మళ్ళీ మొదలెడదామంటే మా ఇల్లరికపు అల్లుడు ఆ వారమే వేరుకుళ్ళు పట్టి నిలువునా వాడిపోయాడు. ఇంక ఆ మాటే ఇంట్లో ఎత్తుకోలేదు. ఆవిడ కత్తిపీట మీద బెండకాయలూ దొండకాయలూ కోసుకుంటూ పోయింది.

వేసవి సెలవులు అయిపోతున్న రోజుల్లో ఒక పొద్దున్న నరసింగరావు మావ మా గుమ్మంలోకి వచ్చాడు. ఊరి చివర బోరు కింద కూరగాయలు పండించే రైతు ఆయన. మా చర్చి మనిషి కాదు గానీ మా అత్తని అక్క వరస కలిపి అప్పా అని పిలుస్తాడు, చర్చి భోజనానికి ఏటా మొదటి పంక్తిలో కూర్చుంటాడు.

"అప్పా, నీ ముళ్ళ వంకాయకి ఏదో తెగులొచ్చినాది. నా మడిలో దానంతటదే మొలిసింది. ముళ్ళు నీ కాయవే, రంగు మాత్రం నల్లబడిపోనాది. మిగతావాటికి అంటుకుంటాదని పీకీద్దామనుకుంటన్నాను. కోడలు మొక్కల సదువు సదివింది కదా, ఒకసారి సూపిద్దామని తెచ్చినాను."

తువ్వాలు విప్పి గచ్చు మీద పెట్టాడు. ఊదారంగు కాయ. తొడిమ నిండా ముళ్ళు.

ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఊదా వంకాయలన్నీ నున్నవే, ముళ్ళ వంకాయలన్నీ పచ్చవే. ఊదాగా ఉండి ముళ్ళున్న వంకాయ ఎవరింట్లోనూ లేదు, ఒక్క మా వంటింటి గచ్చు మీద సుద్దగళ్ళలో తప్ప. నేను మా అత్త వైపు చూశాను. ఆవిడ అప్పటికే కుర్చీలోంచి లేచిపోయింది.

"నర్సింగూ, నీ మడికి పెంట ఎక్కడినుంచి తోలించినావు?"

"పద్మకుమారి గారి పెరట్లోది. ఏటప్పా, పెంటలోనే తెగులున్నాదా?"

"తెగులు కాదురా! నా మనవలు!"

నా స్కూటీ మీద వెనక మా అత్త, ముందు నేను, సైకిలు మీద నరసింగరావు మావ. ఆయన దారిపొడుగునా ఏమిటని అడుగుతూనే ఉన్నాడు. మడిలో గట్టు వారగా మూడు మొక్కలు. మూడూ ఊదా, మూడూ ముళ్ళు. నేను చెప్పినట్టే, నేను చెప్పినట్టే అని గంతులేశాను. నలభైకి దగ్గరపడుతున్న లెక్చరర్ని గట్టు మీద గంతులేస్తుంటే పొలం పనులకి పోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.

కోళ్ళు వదిలేసిన గింజలు పెంటతో పాటు ఆయన మడికి చేరాయని, నరసింగరావు మావకి గొడవంతా విప్పి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపాడు.

"నీ మాట కాదనకూడదమ్మా గానీ, ముల్లున్న సెట్టు గింజేస్తే ముల్లు లేని మొక్కొస్తాదా? నా జన్మలో సూడనేదు."

"నాలుగింట ఒకటి వస్తాది మావా."

"సూద్దాం, సూద్దాం" అన్నాడు, పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతుతో.

ఆ మూడింటి పువ్వులకి కవర్లు తొడిగి, కాయలు పండించి, గింజలు తీశాం. ఇక్కడ మా అత్త ఒక పేచీ పెట్టింది. నాలుగింట ఒకటి అన్నావు కాబట్టి నాలుగే గింజలు వెయ్యి, ఒకటి నున్నగా రావాలి, రాకపోతే నీ లెక్క తప్పు అంది. అలా కాదంటే వినదు. నాలుగు కుండీల్లో నాలుగు గింజలు తానే వేసింది, తానే నీళ్ళు పోసింది. రోజూ పొద్దున్న ఆకులు తిప్పి అడుగున ఈనెల మీద వేలితో తడిమేది. మొలకలు జానెడయ్యాయి. నాలుగింటికీ ముళ్ళు లేచాయి.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుండీల దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"పోనీలే. ఈ సేతులకి రాసిపెట్టి నేదు. నువ్వు మాత్రం ఎంతని పడతావు?"

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. "అత్తా, మన ఊరి దాలమ్మకి ఎంతమంది పిల్లలు?"

"నలుగురు. నలుగురూ మగపిల్లలే. ఆడపిల్ల కోసం ఎంత ఏడిసిందో!"

"సగం మంది ఆడపిల్లలు పుట్టాలి కదా. మరి లెక్క తప్పా? దాలమ్మొక్కదాన్ని సూస్తే నలుగురూ మగాళ్ళే. ఊరంతా సూడు, సగం సగం ఉంటారు. నాలుగు గింజలు దాలమ్మ ఇల్లు. నాకు ఊరు కావాలి."

మా అత్త తలెత్తింది. "ఊరంటే ఎన్నే?"

"వంద."

మా దొడ్లో వందకి చోటు లేదు. నరసింగరావు మావ దగ్గరికి మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. ఆయన నాలుగు కుండీల సంగతి అప్పటికే విని ఉన్నాడు, మా ఊళ్ళో అలాంటివి దాగవు. నవ్వుతూనే బోరు పక్క చాలు రెండు ఇచ్చాడు. "ఒక్క మొక్క నున్నగా మొలిసినా కోతపండగ రోజు కాయల బుట్ట నేనే నెత్తినెట్టుకుని సర్చికి మోస్తాను. మొలకపోతే నువ్వు మా ఇంటికొచ్చి నెలరోజులు ముళ్ళ వంకాయ కోసిపెట్టాలి" అన్నాడు నాతో. నేను సరే అన్నాను. లోపల మాత్రం భయమేసింది. క్లాసులో లెక్క తప్పితే చెరిపేసి మళ్ళీ వేస్తాం. ఇక్కడ తప్పితే మా అత్త మళ్ళీ ఆశ పెట్టుకోదు.

నారు పోసి, నాటి, నెల గడిచాక ఒక ఆదివారం ఆరాధన నుంచి తిన్నగా మడికి వెళ్ళాం. నేను ముందు నడుస్తూ ఆకు అడుగున చూసి, ముల్లుంటే వదిలేస్తున్నాను. ముల్లు, ముల్లు, ముల్లు. మా అత్త వెనక వస్తూ నోట్లో ఏదో ప్రార్థన చేసుకుంటోంది. ముల్లు, ముల్లు. ఆ తర్వాతి మొక్క ఆకు పట్టుకుని ఈనె పొడుగునా వేలు జార్చాను. ఎక్కడా ఆగలేదు. కాండం మీద జార్చాను. ఆగలేదు.

"అత్తా."

ఆవిడ వచ్చి తానూ తడిమింది. మళ్ళీ తడిమింది. "నర్సింగూ!" అని కేకేసింది. ఆ కేకకి పక్క పొలంలో మనిషి కూడా వచ్చాడు. రెండు చాళ్ళూ అయ్యేసరికి ఇరవై పైచిలుకు నున్నటి మొక్కలు తేలాయి, ఇంచుమించు నాలుగో వంతు. నరసింగరావు మావ ప్రతి మొక్కనీ స్వయంగా పట్టి చూసుకుని, చివరికి చేతులు కడుక్కుంటూ, "బుట్ట మరీ పెద్దది కాకుండా సూడప్పా" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ముల్లు ఒక్క జంట రాతలతో తేలిపోయింది గానీ, రుచికి అలాంటివి ఎన్నున్నాయో నాకే తెలియదు. కొన్ని కాయలకి తల్లి రుచి వచ్చింది, కొన్నిటికి తండ్రి చప్పిడితనం. ఏది ఏదో పైకి చూసి చెప్పలేం. ఒక్కటే దారి, ఏ మొక్క కాయ ఆ మొక్కవి విడిగా వండి తినడం. మా వంటింట్లో గిన్నెలన్నిటికీ చీటీలు కట్టాం, ఈసారి తెలుగులోనే. మా అత్త నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "గొట్టం" అనో, "ఫరవానేదు" అనో తీర్పు చెప్పేది. మూడు వారాలు మూడు పూటలా వంకాయే. మా ఆయన ఒకనాడు కంచం ముందు కూర్చుని, "రేపైనా పప్పు సెయ్యండి" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు ఫిర్యాదు నేను వినడం అదే మొదలు.

రంగు ఏదైనా ఫరవాలేదంది, రంగు తోలుకే గాని కూరకి కాదని. మొత్తానికి ఏడెనిమిది మొక్కలు గట్టెక్కాయి. అందులో ఒకదాని కూర తిన్న రోజు మా అత్త ఏ తీర్పూ చెప్పలేదు. రెండోసారి అన్నం పెట్టించుకుంది.

కోతపండగ రోజు నరసింగరావు మావ తలపాగా చుట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని, ఊరి నడివీధిలోంచి చర్చికి వచ్చాడు. ఏటిది నరసింగరావూ అని అడిగిన ప్రతివాడికీ ఆగి మరీ కథంతా చెప్పాడు. పందెం ఓడిపోయినవాడు అంత గర్వంగా నడవడం నేనెక్కడా చూడలేదు. పద్మకుమారి రాజాం నుంచి మళ్ళీ బస్తా దింపించి ఉంచుకుంది. బుట్ట చూసి, ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి, బస్తా మూతి కట్టేసి పక్కకి జరిపించింది. కత్తిపీట తానే కడిగి తెచ్చి షామియానా వెనక పొయ్యిల దగ్గర వేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు.

మా అత్త కొంగు బిగించి కూర్చుంది. పచ్చ చారల కాయ ఒకటి తీసింది. రెండు వేళ్ళ కొసలతో, తొడిమకి దూరంగా, అడుగు వైపు పట్టుకుంది. అలాగే కోసింది. ఇంకోటి తీసి అలాగే పట్టుకుంది, అలాగే కోసింది. ఎన్నేళ్ళ అలవాటో, వేళ్ళు వాటంతటవే తప్పించుకుంటున్నాయి.

"అత్తా, ముల్లు లేదు కదా."

"తెలుసులేవే. సేతికి తెలీద్దా?"

మూడో కాయ తీసింది. ఈసారి ఆగింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, మెల్లగా ఒక్కొక్క వేలే మూసింది. తొడిమతో సహా కాయంతా గుప్పిట్లోకి వచ్చింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి, నాకూ నిండిపోయాయి.

"సుందరమ్మా, నూని కాగిపోతన్నాది!" అని పొయ్యి దగ్గరనుంచి పద్మకుమారి అరిచింది.

"కాగనీ!" అని తిరిగి అరిచింది మా అత్త, గుప్పిట విప్పకుండానే. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నలభై ఏళ్ళుగా కోస్తన్నానే దీన్ని. ఒక్కనాడూ సేత్తో పట్టుకోనేదు."